పెండింగులో పడిన పొలం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు కాట్రేనికోనలో జరిగిన సభలో ఒక విశ్రాంత గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1972లో గుమాస్తాగా చేరి, 2008లో గుమాస్తాగానే దిగిపోయినవాణ్ణి. డెబ్బయి అయిదేళ్లు నిండాయి. మన కార్యదర్శిగారు "ఏదైనా నాలుగు మాటలు చెప్పండి, ప్రత్యేక సంచికలో వేస్తాం" అన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా చెప్పేవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కనుక నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. అది "పెండింగు" అనే మాట గురించి.

ఈ మాట మనకు కొత్త కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మీదట పెన్షన్ అనేది దయాదానం కాదు, హక్కు అని తేలింది. అందుకే ఈ రోజున పండుగ చేసుకుంటున్నాం. అయినా మన బిల్లు ఒక నెల ట్రెజరీలో ఆగితే మనకు నిద్ర పట్టదు. మందుల షాపువాడికి ఏం చెప్పాలి, మనవడి ఫీజు ఎలా కట్టాలి అని లెక్కలు వేసుకుంటాం. అదే మనం కుర్చీలో ఉన్నప్పుడు "పెండింగు" అని ఫైలు మీద ఎన్నిసార్లు రాయలేదు! మనకది ఒక మాట. అవతలివాడికి అది ఒక ఏడాది బతుకు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెద్ద పెద్ద పరిశ్రమలకనీ, ఓడరేవులకనీ, ఆర్థిక మండళ్లకనీ వందలూ వేలూ ఎకరాలు తీసుకోవడానికి మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయిన వ్యవహారాలు మన రాష్ట్రంలో అనేకం. తీసుకుంటే నష్టమా లాభమా అని అందరూ వాదించుకుంటారు. తీసుకోకుండా, వదలకుండా ఉంటే ఏమవుతుందో ఎవరూ మాట్లాడరు. నేను దాని గురించే మాట్లాడదలచాను. ఎందుకంటే ఆ పాపంలో నాకూ ఒక పిసరు ఉంది.

2006లో నన్ను ఒక భూసేకరణ ఆఫీసుకు డెప్యుటేషన్ మీద వేశారు. జిల్లా పేరు, ఊరి పేరు చెప్పను. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు, సార్వా, దాళ్వా రెండూ పండే ఊరు అనుకోండి. అప్పట్లో 1894 నాటి చట్టమే అమల్లో ఉంది. సెక్షన్ 4(1) కింద ప్రకటన, 5-ఏ కింద అభ్యంతరాల విచారణ, సెక్షన్ 6 కింద డిక్లరేషన్, ఆ తరువాత 9 కింద నోటీసులు, 11 కింద అవార్డు. నోటీసులు రాయడం, సర్వే నంబర్లు, విస్తీర్ణాలు సరిచూడటం నా పని. నా చేతి రాత బాగుంటుందని నాకే ఇచ్చేవారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. రెండెకరాల ముప్ఫై సెంట్లు ఆయన సొంతం, మరో ఎకరంన్నర కౌలు. నా బల్ల దగ్గర నిలబడి, "గుమాస్తాగారండీ, ఈ సార్వాకి ఆకుమడి పోసుకోవచ్చాండీ?" అని అడిగాడు.

నేను తల ఎత్తకుండానే చెప్పాను. "ఎందుకండీ అనవసరంగా ఖర్చు. నెలా రెండు నెలల్లో స్వాధీనం చేసుకుంటారు" అన్నాను.

"ఆయ్, అలాగేనండీ" అని వెళ్లిపోయాడు.

అయ్యా, ఇప్పుడు ఆలోచించండి. ఆ మాట చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. ఏ ఉత్తర్వూ లేదు. చట్టం ప్రకారం సెక్షన్ 16 కింద స్వాధీనం చేసుకునే దాకా ఆ భూమి రైతుదే. నిక్షేపంలా సాగు చేసుకోవచ్చు. స్వాధీనం నాటికి చేలో పంట ఉంటే దానికి కూడా నష్టపరిహారం కట్టాలని సెక్షన్ 23లోనే ఉంది. ఈ సంగతి ఆ ఆఫీసులో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. కానీ ఆ మధ్యాహ్నం నా ముందు అరవై నోటీసులు ఉన్నాయి. ఆయన త్వరగా వెళ్లిపోతే చాలు అనుకున్నాను.

ఆయన ఆకుమడి పోయలేదు. ఆయన పోయలేదని పక్క చేనువాడు పోయలేదు. ఆ ఏడు స్వాధీనం జరగలేదు. మరుసటి ఏడూ జరగలేదు. 2008లో నేను రిటైరై ఇంటికి వచ్చేశాను. ఆ పరిశ్రమ రానే లేదు.

ఇది నా కథ. ఇక అందరికీ తెలిసిన కథ చెబుతాను. గోదావరి అవతల, కాకినాడకు ఎగువన ఉప్పాడ కొత్తపల్లి, తొండంగి మండలాలున్నాయి. 2005, 2006 ప్రాంతంలో అక్కడ కాకినాడ ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే సెజ్, అన్నారు. చమురుశుద్ధి కర్మాగారం వస్తుందన్నారు. సుమారు 10,000 ఎకరాల మాట. కొందరు రైతులు పరిహారం తీసుకున్నారు, కొందరు మేం తీసుకోం అని భీష్మించారు. చమురుశుద్ధి కర్మాగారం రాలేదు. తరువాత మండలిలో పెద్ద వాటా జీఎంఆర్ సంస్థ చేతికి వచ్చింది. 2020లో ఆ వాటాను అరబిందో రియాల్టీకి అమ్ముతున్నట్టు ప్రకటించారు. ఈ మధ్య కాలంలో అక్కడ కొన్ని పరిశ్రమలు, ఓడరేవు పనులు జరిగిన మాట వాస్తవమే. కానీ పరిహారం తీసుకోని రైతుల భూమి ఏం కావాలి? 2021లో రాష్ట్ర మంత్రివర్గం 2,180 ఎకరాలు రైతులకు తిరిగి ఇచ్చేయాలని నిర్ణయించింది. మంచిదే. అయితే అవే 2,180 ఎకరాల రిజిస్ట్రేషన్ల గురించి 2025లో కూడా ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. తీసుకోవడమే కాదు, తిరిగి ఇవ్వడం కూడా పెండింగులో పడుతుందని దీనివల్ల తెలుస్తోంది. 2005లో పుట్టిన పిల్లకు ఈపాటికి పెళ్లి సంబంధాలు చూస్తూ ఉంటారు.

ఇదొక్కటే కాదు. 2008లో ప్రకాశం, గుంటూరు జిల్లాల తీరంలో వాడరేవు, నిజాంపట్నం ఓడరేవుల పేరుతో మరో పెద్ద వ్యవహారం మొదలై కేసుల్లో చిక్కుకుంది. దేశం మొత్తం లెక్క కావాలంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2014లో ఇచ్చిన నివేదిక ఉంది. సెజ్‌ల కోసం 45,635 హెక్టార్లు నోటిఫై చేస్తే, 28,488 హెక్టార్లలోనే పనులు మొదలయ్యాయని అందులో ఉంది. తక్కినది 17,000 హెక్టార్ల పైమాటే. మన ఎకరాల్లో చెప్పాలంటే 42,000 ఎకరాలు.

ఇలా ఆగిన చోట ఊళ్లో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూసింది చెబుతాను.

మొదట అప్పు ఆగుతుంది. నోటిఫికేషన్‌లో ఉన్న సర్వే నంబరు మీద బ్యాంకువాళ్లు పంట రుణానికి వెనకాడతారు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ కింద నిషేధిత జాబితా ఒకటి ఉంది. పొలం నంబరు అందులోకి ఎక్కితే అమ్మడానికీ లేదు, బిడ్డకు పసుపు కుంకుమ కింద రాసివ్వడానికీ లేదు. ఎక్కించడానికి ఒక ఉత్తరం చాలు. తీయించడానికి చెప్పులు అరగాలి.

రెండోది, ఊరు రెండు ముక్కలవుతుంది. చెక్కు తీసుకున్నవాడు తీసుకోనివాడితో మాట్లాడడు. అన్న తీసుకుంటాడు, తమ్ముడు తీసుకోడు. మధ్య గట్టు అన్నదా, తమ్ముడిదా, సర్కారుదా? పంటబోదె పూడిక తీయాలంటే అందరూ కలిసి రావాలి. సగంమంది చేలు వదిలేశాక పూడిక ఎవరు తీస్తారు? బోదె పూడిపోతే సాగు చేద్దామనుకున్నవాడి చేనుకూ నీళ్లు రావు. రెండేళ్లు తిరిగేసరికి సర్కారు తుమ్మ మొలుస్తుంది. దూరం నుంచి చూసిన ఆఫీసరు "బీడు భూమి" అని రాసుకుపోతాడు. బీడు చేసింది ఎవరు?

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మన రికార్డులో పేరు లేనివాళ్లు. నేను రాసిన నోటీసుల్లో పట్టాదారు కాలమ్ ఉంది. అనుభవదారు కాలమ్ ఉంది. కౌలుదారు నోటిమాట మీద చేసుకుంటాడు కనుక ఆ రెండో కాలమ్‌లో కూడా పట్టాదారు పేరే ఉండేది. ఇక ఊడ్పులకు, కోతలకు వచ్చే కూలీ తల్లులకు ఏ కాలమూ లేదు. సొంతదారుకు ఏనాటికైనా చెక్కు రావచ్చు, భూమి అయినా తిరిగి రావచ్చు. పోయిన కూలి రోజులు ఏ కోర్టు తిరిగి ఇస్తుంది?

మన కోనసీమవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. 2011 సార్వాలో మన రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించారు. మోహన్ కందా కమిటీ వేసిందాకా వెళ్లింది ఆ సంగతి. ఆ ఒక్క కారుకే మన ఊళ్లలో కూలివాళ్లు ఎలా ఇబ్బంది పడ్డారో మీకు తెలుసు. అది మనవాళ్లు తమంత తాము తీసుకున్న విరామం. మరుసటి ఏడు మళ్లీ ఊడ్చుకున్నారు. ఆగిపోయిన భూసేకరణ అనేది రైతు ప్రకటించని పంట విరామం. అది ఎప్పుడు ముగుస్తుందో చెప్పేవాడు ఉండడు.

మరొక పోలిక చెబుతాను. 1996 నవంబరు 6 తుపాను మనలో ఎవరు మరిచిపోగలరు? ఒక్క రాత్రిలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. పది రోజుల పాటు ఎటు చూసినా మోడులే. కానీ నీళ్లు తీసిన కొద్ది రోజులకే మనవాళ్లు గోతులు తవ్వి మొక్కలు పెట్టారు. కొబ్బరి మొక్క పెడితే కాపు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఐదారేళ్ల తరువాత కూడా ఈ నేల నాదే, నా పిల్లలదే అని నమ్మకం ఉన్నవాడే కొబ్బరి పెడతాడు. నేను పనిచేసిన ఆ ఊళ్లో నోటీసులు వెళ్లిన తరువాత కొత్తగా ఒక్క కొబ్బరి మొక్క పెట్టినవాడు నాకు కనబడలేదు. గొడ్లపాక కప్పు మార్చినవాడు లేడు. బోరు వేయించినవాడు లేడు. తుపాను చెట్లను పడగొట్టింది గాని మొక్క పెట్టే ధైర్యాన్ని తీసుకుపోలేదు. మన నోటీసు తీసుకుపోయింది.

"తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అంటారు కొందరు. పశ్చిమ బెంగాల్లో సింగూరు సంగతి చూడండి. 2006లో టాటా కారు ఫ్యాక్టరీ కోసం 997 ఎకరాలు తీసుకున్నారు. 2008లో కంపెనీ వెళ్లిపోయింది. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ సేకరణ చెల్లదని కొట్టేసి, భూమి రైతులకు ఇమ్మంది. అప్పటికి పదేళ్లు. షెడ్లు, కాంక్రీటు, మెరక చేసిన మట్టి తీయించాలి, చెరిగిపోయిన హద్దులు మళ్లీ వేయించాలి. కాగితం మీద ఇచ్చినంత తేలిగ్గా చేను చేను కాదు.

మరీ మొదట్లోనే ఆపేసిన ఉదాహరణ కూడా ఉంది. మడగాస్కర్ దేశంలో 2008లో కొరియా కంపెనీ ఒకటి 13 లక్షల హెక్టార్లు 99 ఏళ్లకు కౌలుకు తీసుకోబోయింది. జనం తిరగబడ్డారు. ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం 2009లోనే ఆ ఒప్పందం రద్దని చెప్పేసింది. మంచో చెడో, రైతుకు ఒక జవాబు దొరికింది. జవాబు దొరికితే ఆకుమడి పోసుకోవాలో మానాలో రైతే చూసుకుంటాడు.

నేను పరిశ్రమలకు వ్యతిరేకిని కాను. మన పిల్లలందరూ వ్యవసాయం చేయరు, చేయాలనీ లేదు. రోడ్డు కావాలి, రైలు కావాలి. కోటిపల్లి - నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైతే పాతికేళ్లు ఎదురు చూసినవాళ్లం మనం. తీసుకునేదేదో న్యాయమైన ధర ఇచ్చి, గడువులో తీసుకోండి. వద్దనుకుంటే వద్దని రాసి ఇవ్వండి. నేను చెప్పేది ఇంతే.

చట్టం కూడా ఈ మాట ఒప్పుకుంది. 1894 నాటి చట్టం పోయి, 2014 జనవరి 1 నుంచి 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది. ప్రైవేటు కంపెనీకైతే నూటికి ఎనభై మంది భూయజమానుల సమ్మతి కావాలన్నారు. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు కూడా బాధిత కుటుంబాలేనని రాశారు. నేను రాయని ఆ కాలమ్ నూట ఇరవై ఏళ్లకు చట్టంలోకి వచ్చింది. ఈ చట్టం కింద తీసుకున్న భూమి స్వాధీనం చేసుకున్న ఐదేళ్లలోగా వాడకపోతే, సొంతదారుకో వారసులకో ఇవ్వాలి, లేదా ప్రభుత్వ భూనిధిలో చేర్చాలి అని సెక్షన్ 101 చెబుతోంది. ఆ "లేదా" అన్న మాట దగ్గర రైతు జాగ్రత్తగా ఉండాలి. పాత చట్టం కింద ఆగిపోయిన వాటికి సెక్షన్ 24(2) ఉంది. అవార్డు అయి ఐదేళ్లు దాటినా స్వాధీనం జరగక, పరిహారమూ కట్టకపోతే ఆ సేకరణ రద్దు. రెంటిలో ఏ ఒక్కటి జరిగినా రద్దు కాదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఈ తేడా తెలియక ఎందరో రైతులు వకీళ్ల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకున్నారు.

ఇక్కడ మన పని ఏమిటని మీరు అడగవచ్చు. ఈ సభలో రెవెన్యూలో చేసినవారు ఉన్నారు, సర్వేలో చేసినవారు ఉన్నారు, రిజిస్ట్రేషన్లో, బ్యాంకులో, పంచాయతీలో చేసినవారు ఉన్నారు. ఒక కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మనదీ సముద్రపు ఒడ్డు మండలమే. రేపు ఎవరో ఒకరు మ్యాపు పట్టుకుని మన ఊరికీ రావచ్చు. కనుక మూడు మనవులు చేస్తున్నాను.

ఒకటి. నెలకొక రోజు మన సంఘం గదిలో కూర్చుందాం. రైతులు తెచ్చిన నోటీసు చదివి, ఏ సెక్షన్ కింద వచ్చింది, అభ్యంతరానికి గడువెంత అని తెలుగులో చెబుదాం. నిషేధిత జాబితాలో పొరపాటున పడిన నంబర్లు ఏమైనా ఉంటే అర్జీ రాసిపెడదాం. అర్జీ రాయడం మన చేతిలో విద్యే.

రెండు. కౌలుదార్లకు, కూలివాళ్లకు తమ పేరు ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండేటట్లు చూసుకోమని చెబుదాం. కౌలు కార్డు కావచ్చు, ఈ-పంటలో నమోదు కావచ్చు, ఉపాధి హామీ జాబ్ కార్డు కావచ్చు. కాగితం లేని మనిషి మన వ్యవస్థకు కనబడడు.

మూడు. ఇది ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు చెప్పవలసిన మాట. ఉత్తర్వు లేని మాట నోటితో చెప్పవద్దు. రైతు నీ బల్ల దగ్గర అడిగే ప్రశ్నకు నువ్వు గవర్నమెంటువి. "నాకు తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అంటే తప్పు లేదు. నేను ఆ మధ్యాహ్నం ఆ మాట అనలేకపోయాను.

2016లో ఒక పెళ్లిలో ఆ రైతు మళ్లీ కనిపించాడు. నేను గుర్తు పట్టలేదు గాని ఆయన పట్టాడు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి పదేళ్లయింది. భూమి ఆయనకు తిరిగి రాలేదు, డబ్బూ రాలేదు. కొడుకు హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. నేను మెల్లిగా, "ఆ రోజున ఆకుమడి వద్దని నేనే చెప్పానండీ, తప్పు చెప్పాను" అన్నాను.

ఆయన నవ్వి, "మీరొక్కరే చెప్పారేటండీ, అందరూ అదే చెప్పారు" అన్నాడు. కాసేపు ఆగి ఇంకో మాట అన్నాడు. "పోయిందంటే పోయిందనుకుంటాం గదండీ. ఏడిచి, పన్నెండో రోజు చేసుకుని, మన పనిలో మనం పడతాం. ఇదేమో ఇంట్లో మనిషి తప్పిపోయినట్టు ఉందండీ. రోజూ వీధి తలుపు తీసే ఉంచుతాం."

అయ్యా, ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను చాలా జీవోలు చదివాను. పెండింగు అంటే ఏమిటో ఆ పెళ్లి పందిట్లో తెలిసింది.

నా మనవుల్లో మొదటిది వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఎవరు వచ్చినా రాకపోయినా నేను పది గంటలకు కళ్లజోడు, కలం పట్టుకుని ఆ గదిలో ఉంటాను.